సైఫై, ఫాంటసీ నవల కొనేముందు రెండో పేజీ తిప్పండి: తిరుపతి, చిత్తూరు వాళ్ళకి ఒక గైడు

మన తిరుపతిలో, చిత్తూర్లో సైఫై ఫాంటసీ అంటే పడి చచ్చే పిల్లోళ్ళు ఇప్పుడు బాగానే ఉండారు, కాకపోతే దాదాపు అందరూ సినిమా నుంచో గేమ్ నుంచో ఇటు పక్కకి వచ్చినోళ్ళే. డ్యూన్ చూసి పుస్తకం కావాలంటారు, విచర్ ఆడి పుస్తకం కావాలంటారు, ఆన్‌లైన్‌లో పేరు కొట్టి మొదట ఏది కనిపిస్తే అది ఆర్డర్ పెట్టేసి యాభై పేజీలు చదివి "ఇదేందప్పా ఇట్లుండాది" అని బీరువా మీద పడేస్తారు. చాలాసార్లు జరిగేదేమంటే చేతికొచ్చింది వాళ్ళు అడిగిన పుస్తకమే కాదు. ఒకే పేరు మీద అసలు నవల ఉంటాది, సినిమా స్క్రిప్టుని బట్టి రాయించిన నవల ఉంటాది, పిల్లల కోసమని కుదించింది ఉంటాది, నూటాయాభై ఏళ్ళ కిందటి అరకొర అనువాదం ఉంటాది, అన్నిటికీ అట్ట మీద అదే పేరు, అదే బొమ్మ. అందుకని ఏ పుస్తకం గురించి అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే, టైటిల్ పేజీ తిప్పండి, దాని వెనక చీమ తలకాయంత అక్షరాలతో ఒక పేజీ ఉంటాది, దాన్ని నిమ్మళంగా చదవండి, ఆ తర్వాతే డబ్బులు తీయండి.

ఆ పేజీలో ఏం చూడాలంటే, ముందు మొదటిసారి అచ్చయిన సంవత్సరం. పుస్తకం కొత్తగా నిగనిగలాడుతున్నా లోపల 1963 అని ఉండొచ్చు, అది మంచిదే, సినిమా కంటే ముందు పుస్తకం పుట్టిందని తెలిసిపోతాది. తర్వాత కాపీరైట్ ఎవరి పేరు మీద ఉండాదో చూడండి, ఇది చాలామంది పట్టించుకోరు కానీ ఇంతకంటే సులభమైన గుర్తు లేదు. రచయిత పేరుంటే ఆ కథ రచయితదే. లుకాస్‌ఫిల్మ్ అనో గేమ్స్ వర్క్‌షాప్ అనో కంపెనీ పేరుంటే అది టై-ఇన్, అంటే ఆ కంపెనీ లోకంలో కంపెనీ ఒప్పుకున్న హద్దుల్లో రాయించుకున్న పుస్తకం. "ఈ స్క్రీన్‌ప్లే ఆధారంగా" అనే ముక్క ఉంటే అది సినిమాని నవలగా మార్చింది. ఆ తర్వాత అనువాదకుడి పేరు, వేరే భాష నుంచి వచ్చిన పుస్తకానికి అనువాదకుడి పేరే లేకపోతే గమ్మున కింద పెట్టేయండి, అట్లాంటిది తొంభై పాళ్ళు ఎప్పటిదో హక్కులు తీరిపోయిన పాత అనువాదమే. అబ్రిడ్జ్‌డ్, అంటే కుదించింది అని ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి, ఒక్కోసారి అట్ట మీద వేయకుండా ఈ పేజీలోనే మూలన వేస్తారు. ఆన్‌లైన్‌లో కొనేటోళ్ళు సాంపుల్ తెరిస్తే ఈ పేజీ దాదాపు ఎప్పుడూ కనిపిస్తాది. కింద ఉండే రివ్యూలు మాత్రం నమ్మొద్దు, ఒకే పేరున్న నాలుగు రకాల పుస్తకాల రివ్యూలన్నీ కలిపి ఒకే చోట పోసేస్తారు, మీరు చదివే పొగడ్త వేరే అనువాదం గురించి అయ్యుంటాది.

ఒక ఉదాహరణ తీసుకుంటే మొత్తం అర్థమైపోతాది. ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ అందరికీ తెలిసిందే, కోతులు రాజ్యమేలే లోకం. అది మొదట ఫ్రెంచ్ నవల, పియర్ బూల్ అనే ఆయన 1963లో రాసినాడు, రివర్ క్వై వంతెన కథ రాసింది కూడా ఆయనే. అదే ఏడాది జాన్ (Xan) ఫీల్డింగ్ అనే ఆయన ఇంగ్లీష్‌లోకి తెచ్చినాడు, ఇంగ్లండ్‌లో దాని పేరు మంకీ ప్లానెట్, అమెరికాలో ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్, రెండూ ఒకటే పుస్తకం, రెండు పేర్లు చూసి రెండూ కొనుక్కోవద్దు. 1968లో సినిమా వచ్చింది. సినిమాలో కోతులు గుర్రాల మీద తిరుగుతాయి, నవల్లో వాటికి కార్లుండాయి, విమానాలుండాయి, ముగింపు కూడా వేరే, కాబట్టి సినిమా చూసినోళ్ళకి నవల పాతబడదు. ఆ తర్వాత వరసగా వచ్చిన సినిమాలకి వేరే వేరే అమెరికన్ రచయితలు నవలలు రాసినారు, వాటి మీద కూడా అవే కోతి మొహాలు. పాత పుస్తకాల గుట్టలో ఇవన్నీ కలిసిపోయి ఉంటాయి. లోపల బూల్ పేరు, ఫీల్డింగ్ పేరు ఉంటే అసలుది, లేకపోతే టై-ఇన్. రెండోదీ కొనుక్కోవచ్చు, ఏది కొంటున్నామో తెలిసి కొనాల, అంతే.

టై-ఇన్ అంటే మన దగ్గర కొంచెం చులకన ఉండాది, "సినిమా చూసి రాసిందంట" అని మూతి తిప్పుతారు. నాకు ఆ చులకన లేదు, కానీ అన్నీ ఒకే రకం అనుకుంటే మాత్రం దెబ్బ తింటారు.

మొదటి రకం సినిమానే నవలగా రాసింది. ఇవి సినిమా ఎడిటింగ్ పూర్తి కాకముందే స్క్రిప్టు పెట్టుకుని రాస్తారు కాబట్టి సినిమాలో కోసేసిన సీన్లు ఇందులో మిగిలిపోతాయి, నా వరకు వాటిని చదవడానికి పెద్ద కారణం ఇదే. స్టార్ వార్స్ నవల 1976 డిసెంబర్లో వచ్చింది, సినిమా 1977 మేలో. అట్ట మీద జార్జ్ లూకాస్ పేరుంటాది కానీ రాసింది ఆలన్ డీన్ ఫాస్టర్. హీరో ల్యూక్ తన ఊర్లోనే పాత స్నేహితుడు బిగ్స్‌ని కలిసే ఘట్టం సినిమాలో తీసేసినారు, పుస్తకంలో ఉండాది, అది చదివినాక చివరి యుద్ధంలో బిగ్స్ పోయినప్పుడు గుండె కలుక్కుమంటాది, సినిమాలో అయితే ఎవురో పైలట్ పోయినాడు అనిపిస్తాది. అట్నే ఫెంటాస్టిక్ వాయేజ్, 1966, మనుషుల్ని సబ్‌మెరీన్‌ని చిన్నది చేసి ఒక సైంటిస్టు రక్తంలోకి పంపే కథ. నవల రాసిచ్చింది ఐజాక్ అసిమోవ్. స్క్రిప్టులో మనుషులు బయటికి వచ్చేస్తారు, సబ్‌మెరీన్ లోపలే ఉండిపోతాది, మరి టైమ్ అయిపోయినాక అది పెద్దదైతే ఆ సైంటిస్టు గతేంది అని ఆయన పట్టుకుని నవల్లో దాన్ని కూడా బయటికి తెప్పించినాడు. ఆయన వేగం ఎట్లాంటిదంటే సినిమా కంటే ముందే పుస్తకం వచ్చేసి, పుస్తకాన్ని బట్టే సినిమా తీసినారని జనం అనుకున్నారు.

రెండో రకం ఆ లోకంలో కొత్త కథ. మనకి దగ్గరి ఉదాహరణ బాహుబలే, రెండో భాగం రిలీజ్ అయ్యే ముందు 2017లో ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీష్‌లో ది రైజ్ ఆఫ్ శివగామి రాసినాడు, సినిమాలో లేని పాత కథ, శివగామి చిన్నప్పటిది. సినిమా కథే మళ్ళీ చదవాలని కొంటే నిరాశే, మాహిష్మతి అంటే ఇష్టం ఉండి ఇంకా కావాలనుకునేటోళ్ళకి అది. స్టార్ వార్స్‌లో ఈ రకం వందల్లో ఉండాయి, ఈడ ఒక మెలిక ఉండాది. 2014 ఏప్రిల్లో కంపెనీ వాళ్ళు అంతకుముందు వచ్చిన నవలలన్నిటినీ లెజెండ్స్ అని పక్కన పెట్టేసినారు, అంటే కొత్త సినిమాలకీ వాటికీ సంబంధం లేదని. అట్ట మీద లెజెండ్స్ అని పట్టీ ఉంటే అది పాత లైను. దానికని వదిలేయొద్దు, టిమతీ జాన్ 1991లో మొదలుపెట్టిన త్రాన్ మూడు పుస్తకాలు ఆ పట్టీ కిందే ఉండాయి, స్టార్ వార్స్ నవలల్లో ఒకదాంతో మొదలుపెట్టమంటే నేను ఇప్పటికీ వాటినే చెప్తా.

మూడో రకం అసలు టై-ఇన్ కానే కాదు, అసలు నవలకే సినిమా పోస్టరో గేమ్ బొమ్మో అంటించి అమ్మేది. విచర్ ఇట్లాంటిదే. గేమ్ 2007లో వచ్చింది, అసలు రచయిత సప్కోవ్‌స్కీ పోలిష్‌లో మొదటి కథ రాసింది 1986లో. దీని వరస గురించి జాగ్రత్త, ముందు ది లాస్ట్ విష్ అనే కథల పుస్తకం, తర్వాత స్వార్డ్ ఆఫ్ డెస్టినీ, అదీ కథలే, ఆ తర్వాతే బ్లడ్ ఆఫ్ ఎల్వ్స్ నుంచి నవలలు. ఇంగ్లీష్‌లో స్వార్డ్ ఆఫ్ డెస్టినీ ఆలస్యంగా 2015లో వచ్చింది కాబట్టి అంతకుముందు తయారైన లిస్టుల్లో అది ఉండదు, దాన్ని ఎగరగొట్టి నవలల్లోకి దిగితే సిరి ఎవురో, హీరో గెరాల్ట్‌కి ఆ పిల్లంటే ఎందుకంత పట్టింపో అర్థం కాక కొట్టుకుంటారు.

ఈ మూడింట్లో దేంట్లోనూ పడనిది ఒకటుండాది, 2001 ఎ స్పేస్ ఒడిస్సీ, క్లార్క్ నవల, క్యూబ్రిక్ సినిమా రెండూ పక్కపక్కన పెట్టుకుని తయారు చేసినారు, రెండూ 1968వే. నవల్లో ఓడ శని గ్రహం దాకా పోతాది, సినిమాలో గురుడి దగ్గరే ఆగుతాది, మళ్ళీ 1982లో రాసిన రెండో నవల్లో క్లార్కే సినిమా ప్రకారం గురుడి దగ్గరే మొదలుపెడతాడు. వరసగా చదివేటోళ్ళు అచ్చుతప్పు అనుకోవద్దు.

వరస గురించి అడిగితే నా లెక్క సింపుల్, పుస్తకాలు అచ్చయిన వరసలోనే చదవండి. కథ జరిగిన కాలం ప్రకారం సర్దిన లిస్టులు రెండోసారి చదివేటోళ్ళకి, మొదటిసారే అట్ల చదివితే రచయిత దాచిపెట్టిన గుట్టులన్నీ ముందే బయటపడిపోతాయి. ఇంగ్లీష్ ఇంకా తడుముకుంటా చదివేవాళ్ళు, మనలో తెలుగు మీడియం వాళ్ళు చానామంది ఉండారు కదా, డాక్టర్ హూ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ కథల్ని బట్టి టార్గెట్ వాళ్ళు వేసిన నవలలు పట్టండి, 1973 నుంచి వచ్చినవి, సన్నగా ఉంటాయి, సూటిగా ఉంటాయి, టెరెన్స్ డిక్స్ ఒక్కడే అరవైకి పైగా రాసినాడు. టీవీలో ఒకసారి వచ్చి పోయిన కథని మళ్ళీ చూసే దారి లేని పిల్లల కోసం రాసినవి కాబట్టి కథ తప్ప ఇంకో సోది ఉండదు. ఇంట్లో పాత చందమామలుంటే దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్, 1954 తోకచుక్క నుంచి వచ్చినవి, అవి చదివినోళ్ళకి ఫాంటసీ కొత్తేం కాదు, వింత పేర్లు, వింత జంతువులు, నాలుగు కథలు ఒకేసారి నడవడం అంతా ఆడే అలవాటైపోయి ఉంటాది.

ఇంక జూల్ వెర్న్. ఈడ రొంత జాస్తిగానే చెప్తా, ఎందుకంటే మోసపోయేది ఎక్కువ ఈయన దగ్గరే. ఫ్రెంచ్ వాడు, 1828 నుంచి 1905 దాకా బతికినాడు, హక్కులన్నీ ఎప్పుడో తీరిపోయినాయి కాబట్టి ఎవురైనా అచ్చేసుకోవచ్చు, అచ్చేసేటోళ్ళు ఖర్చు లేకుండా దొరికే పాత ఇంగ్లీష్ అనువాదాన్నే వేస్తారు. ట్వెంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ కి ఆ పాత అనువాదం చేసింది మెర్సియర్ అనే పాదిరి, 1870ల్లో. అయిదో వంతుకు పైగా కోసేసినాడు, కోసిందాంట్లో సైన్సు, రాజకీయాలు జాస్తి, లెక్కల్లో తప్పులు వేరే. సైన్సు తీసేసిన వెర్న్ అంటే ఊరిబిండి లేని సంగటే కదా. ఇప్పటికీ మనకి నూటాయాభైకీ రెండొందలకీ దొరికే ఎడిషన్లలో చానా వరకు ఇదే. కనిపెట్టడం సులభం, కథ మొదట్లోనే ప్రొఫెసర్ అరోనా తాను అమెరికాలో నెబ్రాస్కా నుంచి తిరిగొచ్చానని చెప్తాడు, అక్కడ "డిస్అగ్రీయబుల్ టెరిటరీ" అని ఉంటే అది మెర్సియర్‌దే. ఫ్రెంచ్‌లో ఉండేది బ్యాడ్‌ల్యాండ్స్ అనే నేల పేరు, ఈయన దాన్ని తిట్టు అనుకున్నాడు. అది కనిపిస్తే పెట్టేయండి. విలియం బుచర్ చేసిన ఆక్స్‌ఫర్డ్ ఎడిషన్ మంచిది, డబ్బులు పెట్టలేమంటే ఫ్రెడరిక్ పాల్ వాల్టర్ చేసిన పూర్తి అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉండాది. అన్నట్టు ఆ ఇరవై వేల లీగులు లోతు కాదు, తిరిగిన దూరం, లీగుకి నాలుగు కిలోమీటర్లు వేసుకోండి.

జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్ అయితే ఇంకా సులభం, ప్రొఫెసర్ పేరు చూడండి. లీడెన్‌బ్రాక్ అని ఉంటే సరే, హార్డ్‌విగ్ అని ఉంటే 1871 నాటి అనువాదం, పేర్లతో పాటు కథలో కూడా సొంత పైత్యం కలిపినారు. అసలు నవల 1863 మే 24, ఆదివారం అని తేదీతో మొదలవుతాది, మొదటి వాక్యంలో తేదీ లేకపోతే అప్పుడే అనుమానించండి.

మిస్టీరియస్ ఐలండ్ మాత్రం మన తెలుగోళ్ళు పూర్తిది వెతుక్కుని మరీ చదవాల. ట్వెంటీ థౌజండ్ లీగ్స్‌లో సబ్‌మెరీన్ నడిపే కెప్టెన్ నెమో ఎవురో బయటపడేది ఇందులోనే, బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో పోరాడి అన్నీ పోగొట్టుకున్న మనిషి. పైగా వెర్న్ ఆయన్ని టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడిలాంటి చుట్టంగా చెప్తాడు, టిప్పు 1799లోనే పోయినాడు కాబట్టి వయసు లెక్క కొంచెం ఇబ్బందే, అయినా ఆ టిప్పు నాయన హైదర్ అలీ 1782లో కన్నుమూసింది మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దండులోనే కాబట్టి, చిత్తూరోళ్ళు నెమో సబ్‌మెరీన్ నాటిలస్ మీద చిన్న హక్కు పెట్టుకోవచ్చు. కింగ్‌స్టన్ పేరు మీద వచ్చిన పాత ఇంగ్లీష్ అనువాదంలో నెమో బ్రిటిష్ వాళ్ళ గురించి చెప్పుకున్న కథనంతా మెత్తబరిచేసినారు, మనం చదవాలనుకునేది సరిగ్గా అదే. 2001లో సిడ్నీ క్రావిట్జ్‌ది, జోర్డాన్ స్టంప్‌ది అని రెండు పూర్తి అనువాదాలు వచ్చినాయి, రెండింట్లో ఏదైనా సరే.

ఇండియాలోనే జరిగే వెర్న్ నవల కూడా ఒకటుండాది, ది స్టీమ్ హౌస్, 1880, ఆవిరితో నడిచే ఇనుప ఏనుగు ఇళ్ళని లాక్కుంటా పోతాది, నానా సాహెబ్ విలన్. ఏనుగు కోసం చదవొచ్చు, చరిత్ర కోసం వద్దు. ఫ్రమ్ ది ఎర్త్ టు ది మూన్, 1865ది, చంద్రుడి మీదికి ఫిరంగి గుండు ఎక్కడి నుంచి పేల్చాలా అని ఫ్లోరిడా వాళ్ళూ టెక్సాస్ వాళ్ళూ కొట్టుకునే చోట భలే నవ్వొస్తాది. చంద్రుడు నడినెత్తికి రావాలంటే భూమధ్య రేఖకి 28 డిగ్రీల లోపలే ఉండాలని వాళ్ళ లెక్క. శ్రీహరికోట 2022 నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉండాది, 14 డిగ్రీల లోపే, వెర్న్ పరీక్షలో పాసే. ఇప్పుడు రాకెట్లకి కావాల్సింది వేరే, భూమి తిరిగే వేగం ఉచితంగా కలిసొస్తాది, రేఖకి దగ్గరయ్యేకొద్దీ జాస్తి. సూళ్ళూరుపేట వైపు ప్రయోగం చూడ్డానికి పోయే రోజున ఆ అధ్యాయాలు చదవండి.

ఇప్పుడు ఫ్రెంచ్ చదివేటోళ్ళకి. కెనడాలో శాశ్వతంగా ఉండే పీఆర్ కోసం టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలు రాయాలని మన ఊర్లో చానామంది ఫ్రెంచ్ నేర్చుకుంటా ఉండారు, క్లాసు పుస్తకంలో పియర్ రొట్టె కొన్నాడు, మారీ బస్సెక్కింది చదివి చదివి విసుగొచ్చి "ఏదైనా మంచి నవల చెప్పన్నా" అంటారు. నవల చదివితే పరీక్ష పాసవుతారని నేను చెప్పను, దానికి వేరే ప్రాక్టీసు కావాల. కానీ చదివే వేగం పెరుగుతాది, అది నిజం. ఈడ టై-ఇన్లూ, ఇంగ్లీష్ నుంచి ఫ్రెంచ్‌లోకి పోయిన అనువాదాలూ బంగారం, కథ ముందే తెలుసు కాబట్టి తెలియని మాట వచ్చినా దారి తప్పరు.

ముందే తెలుసుకోవాల్సిన అడ్డం ఒకటుండాది. చానా ఫ్రెంచ్ నవలలు జరిగిపోయిన కథని క్లాసులో నేర్పే పాసే కంపోజే అనే భూతకాలంలో చెప్పవు, పాసే సాంప్ల్ అనే వేరే కాలంలో చెప్తాయి, మొదట్లో ఏ క్లాసులోనూ అది నేర్పరు. మొదటి పేజీలోనే ఇల్ ఫ్యూ, ఇల్ వీ, ఇల్ ప్రీ అని వచ్చేసరికి నాకు ఫ్రెంచే రాదు అనుకుని మూసేస్తారు. నవలల్లో ఎక్కువగా వచ్చేది అతడు, ఆమె, వాళ్ళు రూపాలే, బాగా వాడే పాతిక ముప్పై క్రియలకి ఆ రూపాలు మాత్రం ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి, రెండు అధ్యాయాలు దాటేలోగా ఆ కాగితం అవసరం తగ్గిపోతాది. ఇంకా చిన్న చిన్నవి, మాటలకి కొటేషన్ గుర్తుల బదులు గీత పెడతారు, విషయసూచిక చాలాసార్లు చివర్లో ఉంటాది, వీపు మీద పేరు కింద నుంచి పైకి ఉంటాది కాబట్టి బీరువా ముందు తల అటు పక్కకి వంచాల.

ఫ్రెంచ్ పుస్తకంలో రెండో పేజీ చూసే పద్ధతి అదే, మాటలు వేరే. త్రాద్వీ ద్ లాంగ్లే అంటే ఇంగ్లీష్ నుంచి అనువాదం, దాని పక్కనే అనువాదకుడి పేరు. దాప్రే అని ఉంటే ఫలానాదాన్ని బట్టి రాసింది, అంటే టై-ఇన్. అబ్రేజే అంటే కుదించింది, స్కూలు ఎడిషన్లు ఇట్ల ఉంటాయి. తెక్స్త్ ఇంతెగ్రాల్ అంటే పూర్తిది. లావు ఫాంటసీలని ముక్కలు చేసి అమ్మడం వాళ్ళకి అలవాటు, గేమ్ ఆఫ్ థ్రోన్స్ మొదటి నవల ఫ్రెంచ్‌లో రెండు పుస్తకాలుగా వచ్చింది, రెండోదానికి వేరే పేరు కూడా పెట్టినారు. తోమ్ అంటే భాగం నంబరు, అది చూసుకుని కొనండి, లేకపోతే కథ నడిమధ్యలో ఆగిపోతాది. ఆ సిరీస్ నేర్చుకునేటోళ్ళకి నేను చెప్పను, జాన్ సోలా కావాలనే పాతకాలపు ఫ్రెంచ్‌లో చేసినాడు, ఫ్రెంచోళ్ళే ఆ భాష మీద కొట్టుకుంటారు.

హ్యారీ పాటర్ అయితే జాన్ ఫ్రాన్సువా మెనార్ చేసింది, 1998 నుంచి, చదవడానికి హాయిగా ఉంటాది, కాకపోతే పేర్లు మారిపోతాయి, హాగ్వార్ట్స్ కాస్తా పూద్‌లార్, స్నేప్ కాస్తా రోగ్. టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి రెండు అనువాదాలుండాయి, 1972లో మొదలైన ఫ్రాన్సిస్ లెదూది, 2014 తర్వాత వచ్చిన దానియెల్ లోజోఁది. హీరో పేరు ఫ్రోదోఁ సాకే అని ఉంటే పాతది, ఫ్రోదో బెస్సాక్ అని ఉంటే కొత్తది, ఒక భాగం పాతది ఇంకో భాగం కొత్తది కొంటే సగం మంది ఎవురో గుర్తు పట్టలేరు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇది బాగా జరుగుతాది. స్టార్ వార్స్ పాత ఫ్రెంచ్ పుస్తకాల్లో డార్త్ వేడర్ డార్క్ వాదోర్, హాన్ సోలో యాన్ సోలో. డ్యూన్‌కి మిషెల్ దెమ్యూ 1970లో చేసిన అనువాదం ఉండాది, కానీ డ్యూన్ ఇంగ్లీష్‌లోనే ఒకసారి గట్టెక్కినాక పట్టుకోండి, వెనక ఉండే పదాల పట్టిక అప్పుడు పనికొస్తాది.

ఫ్రీగా కావాలంటే ఫ్రెంచ్ వికీసోర్స్, గుటెన్‌బర్గ్ ఉండాయి, వెర్న్ మొత్తం దాదాపు దొరుకుతాడు. ఎనభై రోజుల్లో భూమి చుట్టొచ్చే కథ ముందు చదవండి, బొంబాయి, కలకత్తా మధ్య రైలు ఆగిపోయి ఏనుగెక్కే చోటు మనకి తెలిసిన ఊర్ల మీదుగా పోతాది కాబట్టి పదాలు ఊహించుకోవచ్చు. సముద్రం కథలో చేపల జాబితాలు వచ్చినప్పుడు ఏం సిగ్గుపడకుండా దాటేయండి. ది లిటిల్ ప్రిన్స్, 1943ది, గ్రహాల మీద తిరిగే పిల్లోడి కథ, భాష సులువు. దీని సంగతి వింత, రచయిత 1944లో పోయినాడు కాబట్టి రచయిత తర్వాత 60 ఏళ్ళు అనే మన దేశం లెక్కలో హక్కులు ఎప్పుడో తీరిపోయినాయి, ఫ్రాన్స్‌లో మాత్రం యుద్ధంలో చనిపోయినోళ్ళకి ఇచ్చే అదనపు ఏళ్ళ వల్ల ఇంకా ఉండాయి.

కొనేది యాడ అంటే, తిరుపతిలో బడి పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, భక్తి పుస్తకాలు దొరికినంతగా ఇవి దొరకవు, ఒప్పుకుందాం. ఫుట్‌పాత్ మీద కనిపించే పెద్ద పేర్ల ఇంగ్లీష్ నవలలు చానా వరకు జిరాక్స్ రకం, మార్జిన్లు వంకర, కాగితం పల్చన, మధ్యలో పదహారు పేజీలు మాయం, కొనే ముందు పేజీ నంబర్లు గబగబా తిప్పి చూడండి. టై-ఇన్లకి ఈ బాధ లేదు, వాటిని దొంగ అచ్చు వేసేంత గిరాకీ లేదు కాబట్టి కనిపిస్తే ఒరిజినలే. చెన్నై పోయే పని ఉంటే సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండే మూర్ మార్కెట్ పాత పుస్తకాల అంగళ్ళు, 1985లో పాత భవనం కాలిపోయినాక అవి లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌లోకి మారినాయి, రైలెక్కే ముందు గంట చేతిలో పెట్టుకోండి, జనవరిలో అయితే చెన్నై బుక్ ఫెయిర్ కూడా కలిసొస్తాది. ఫ్రెంచ్ పుస్తకాలు చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే పాండిచ్చేరి, చిత్తూరోళ్ళకి వేలూరు మీదుగా పోవచ్చు. చెన్నైలో ఫ్రెంచ్ నేర్పే సంస్థ అలియాన్స్ ఫ్రాన్సేజ్ లైబ్రరీ ఉండాది, మెంబర్‌షిప్ సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కుని పోండి.

ఫ్రెంచ్ మొదటి పుస్తకంగా నవల భయమనిపిస్తే వోల్తేర్ రాసిన మిక్రోమెగాస్ పట్టండి, 1752ది, ఏడే చిన్న అధ్యాయాలు, ఫ్రీ. సిరియస్ నక్షత్రం నుంచి ఒక భారీ మనిషి శని గ్రహం మీద దిగుతాడు, మాకు డెబ్బై రెండు ఇంద్రియాలే ఉండాయి చాలడం లేదని ఆ శనిగ్రహం ఆయన ఏడుస్తాడు, ఈయనేమో మాకు వెయ్యి దాకా ఉండాయి అయినా చాలవు అంటాడు, తర్వాత ఇద్దరూ కలిసి భూమ్మీదికి వస్తారు. అది అయినాక రోనీ రాసిన లే జిపేయూజ్, 1887, ఆదిమానవులకీ, రేఖాగణితం ఆకారాల్లాంటి వింత జీవులకీ మధ్య యుద్ధం, అదీ చిన్నదే, అదీ ఫ్రీనే. ఈ రెండూ అయినోళ్ళు బూల్ కోతుల నవలని ఫ్రెంచ్‌లోనే తెప్పించుకోవచ్చు, ఇంగ్లీష్‌ది పక్కన పెట్టుకుంటే చాలు, డిక్షనరీ పని తక్కువ పడతాది.